నాయన కత్తెర, అమ్మ మాధవి తీగ

మాధవి తీగ కాయకు మూడు రెక్కలుంటాయి. ఒకటి పొడుగు, రెండు పొట్టి, మూడూ కలిసే చోట శనగగింజంత విత్తనం. ఎత్తు నుంచి వదిలితే దబ్బున కింద పడదు. గిరగిరా తిరుగుతూ, తొందరేమీ లేనట్టు దిగుతుంది. నంద్యాలలో మాకు ఎరువులు, విత్తనాల అంగడి ఉంది. పెండ్లయిన నాటి నుంచి నేను ఆ అంగట్లోనే కూర్చుంటున్నాను. పత్తి, జొన్న, కంది, మిరప, ఏ విత్తనమైనా కళ్లు మూసుకుని చేత్తో తడిమి చెప్పగలనని నాకు కాస్త పొగరు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి, కొంగుముడి విప్పి ఆ కాయను నా ముందు వదిలిన రోజు ఆ పొగరు దిగింది. ఇద్దరు రైతులు మందు డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నా పట్టించుకోకుండా, ఇంకోసారి వదులమ్మా, ఇంకోసారి అని పదిసార్లు వదిలించుకుని చూశాను. ఆ రైతులు కూడా నోరు తెరుచుకుని చూశారు.

ఆ కాయ ఎగువ అహోబిలం నుంచి వచ్చింది. ఎండాకాలంలో అమ్మ ఊరి ఆడవాళ్లతో కలిసి కొండకు పోయింది. వాగు పక్కన, బండల మధ్య నుంచి లేచి చెట్లన్నిటినీ చుట్టేసిన ఒక పెద్ద తీగ కింద వాళ్లు అన్నం మూటలు విప్పారట. తింటుంటే పై నుంచి ఈ కాయలు తిరుగుతూ వచ్చి ఆకుల్లో పడ్డాయట. అక్కడ తేనె అమ్ముకుంటున్న ఒక చెంచు ముసలామె, అది మాధవి తీగ అనీ, మాఘమాసంలో పూస్తుందనీ, సామి పెండ్లికి పిలుస్తూ తిరిగే వేళకు దాని వాసన వాగు పొడవునా ఉంటుందనీ చెప్పింది. ఆ ఒక్క మాట అమ్మను పట్టుకుంది.

ఎందుకు పట్టుకుందో తెలియాలంటే మా వైపు పార్వేట సంగతి చెప్పాలి. మా ఊరు ఆళ్లగడ్డకు ఆటో దూరం. కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పల్లకి ఎక్కి కొండ దిగుతాడు. నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, తన పెండ్లికి రమ్మని జనాన్ని తానే పిలుస్తాడు. మనుషులు దేవుణ్ణి పిలవడం అన్నిచోట్లా ఉంది. దేవుడే ఎండలో, దుమ్ములో మన బజారుకు వచ్చి మనల్ని పిలవడం మా దగ్గర ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఇప్పటికీ పల్లకి మలుపు తిరిగేసరికి నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజుకు ముందే ఊరంతా గోడలకు సున్నం వేస్తారు, వాకిళ్లు అలుకుతారు, బజార్లో గడ్డి పరక లేకుండా చేస్తారు. పల్లకి మా ఇంటి ముందు నుంచే పోతుంది. ప్రతి ఇంటివాళ్లూ టెంకాయ, పూలు ఇస్తారు. మా ఇంటి పూలు ఎప్పుడూ నంద్యాల మార్కెట్టు చామంతులే, నేను కొని పంపేవి.

అమ్మకు అదే నచ్చేది కాదు. "అడివి పిల్లను చేసుకునేటోనికి అంగడి పూలు ఏందీ?" అనేది. చెంచులక్ష్మిని పెండ్లాడే దేవుడికి తన చేత్తో పెంచిన అడవి పూలు ఒక్కసారైనా ఇవ్వాలని ఆమె కోరిక. నగలు అడగలేదు, చీరలు అడగలేదు, తీర్థయాత్రలు అడగలేదు. మా అమ్మ జీవితంలో గట్టిగా అడిగింది ఇదొక్కటే.

తొలి వానకు విత్తనం నాటింది. బజారు వైపు గోడ పక్కన, బోరు నీళ్లు పారే కాలువ దగ్గర. నలభై రోజులదాకా ఏమీ లేదు. నేను ఫోన్లో, అడవి విత్తనం ఊర్లో మొలవదులే అమ్మా అని తేల్చేశాను. అంగట్లో కూర్చుంటే ఇదొక జబ్బు, అన్నీ మనకే తెలుసనిపిస్తుంది. నలభై మూడో రోజు మొలిచింది. అమ్మ ఫోన్ చేసి, రెండాకులు అని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఆ తీగ పెరిగిన తీరు చూస్తే భయమూ వేసేది, ముచ్చటా వేసేది. మొదటి ఏడు మోకాలెత్తు. రెండో ఏడు గోడ ఎక్కింది. మూడో ఏడు నాయన పందిరికి వేసిన ఇనుప పైపును చుట్టుకుంది. తర్వాత చూస్తే పైపు వంగి ఉంది, తీగ మాత్రం తన దోవన తాను పోతూ ఉంది. మొదలు నా ముంజేతి లావయింది. కొత్త చిగుళ్లు రాగి రంగులో మెరిసేవి. ఆదివారాలు శిరివెళ్ల మీదుగా బస్సులో ఊరికి పోయి, దాని కింద మంచం వేసుకుని, ఆ మెలికల్లో ఏది ఎక్కడ మొదలైందో వెతికేదాన్ని. ఒక్కసారి కూడా కనుక్కోలేకపోయాను. ఒక్క కాయలో, గాలికి కొట్టుకుపోయేంత తేలిక కాయలో, ఇదంతా ఎక్కడ దాగుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాయన కాలువ కింద వరి పండించే మనిషి. ఆయన గట్టు చెక్కితే దారం పట్టి గీసినట్టుండేది. వంకర ఆయనకు పడదు. అమ్మ తీగ అంటే వంకర తప్ప ఇంకేమీ కాదు. అయినా నీళ్లు పెట్టేది ఆయనే, నేను పంపిన ఎరువు వేసేది ఆయనే. దాని కోసం ఎదురింటి అత్తతో ఏటా కొట్లాడేది కూడా ఆయనే. ఎదురింటి అత్త మాకు చుట్టం కాదు, వరస కలుపుకున్నాం అంతే. ఆమెకు మాటా పెద్దదే, మనసూ పెద్దదే, కానీ మాట ముందొస్తుంది. తీగ గోడ దాటి బజార్లోకి వేలాడుతోందనీ, వరిగడ్డి ట్రాక్టర్లకు తగులుతోందనీ, ఆకులన్నీ తన వాకిట్లోకి వస్తున్నాయనీ, గోడ దాటితే బజారు సొత్తు, నేనే నరికేస్తాననీ అరిచేది. నాయన గోడ ఇవతల నుంచే సమాధానం చెప్పేవాడు. వాళ్లిద్దరి కొట్లాట వినడానికి బజారులో మనుషులు నిలబడేవాళ్లు.

మూడో ఏడు పల్లకి వచ్చే ముందు ఒక సంగతి జరిగింది. ఇప్పుడు చెప్పాలంటే నాకు సిగ్గు. మా వైపు రైతులకు పైరులో ఏదైనా తేడా కనిపిస్తే ఒక రెబ్బ తుంచి కవర్లో పెట్టుకుని ఎరువుల అంగడికి వస్తారు. అంగడివాళ్లు చూసి మందు చెబుతారు. రాలేకపోతే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతారు. నాయన కూడా అదే చేశాడు. తీగ కొసలకు ఏదో గోధుమ రంగు నూగు పట్టింది, చూడమని ఒక రెబ్బను కవర్లో చుట్టి నంద్యాల బస్సుకు పంపాడు. అది నా చేతికి వచ్చేసరికి వాడిపోయి, నల్లబడి, ముద్దయింది. అంగడి నిండా జనం. మిడుతూరు నుంచి వచ్చిన ఒకాయన మిరపతోట గురించి గోల పెడుతున్నాడు. కవర్ విప్పి, అర నిమిషం చూసి, నాయనకు ఫోన్ చేశాను. ఇది బూజు తెగులు నాయనా, కొసలన్నీ కత్తిరించి కాల్చేయి, లేకపోతే తీగంతా పాకుతుంది అన్నాను. అదే బస్సు తిరిగి పోయేటప్పుడు అంగట్లోంచి కొత్త కత్తెర ఒకటి పంపాను, కొమ్మలు కోసే పెద్ద కత్తెర, ఎర్ర పిడులది.

నాయన ఆ కత్తెరతో కొసలన్నీ గట్టు చెక్కినట్టు కోసేశాడు. గోడకు సున్నం వేశాడు. తీగ క్షవరం చేయించుకున్న పిల్లోడిలా నున్నగా తయారైంది. ఎదురింటి అత్త కూడా నోరు మూసుకుంది. పల్లకి వచ్చింది, చామంతులు ఇచ్చాం. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే వరస. పుష్యం చివర్లో కొసలకు నూగు రావడం, తెగులు మళ్లీ వచ్చిందని నాయన కోసేయడం, సున్నం వేయడం, పల్లకి రావడం. ఆరేండ్లు.

ఆరేండ్లూ అమ్మ ఎదురుచూసింది. మాఘం రాగానే పొద్దున్నే లేచి తీగ కిందికి పోయేది. ఇంకా పూయలేదని నాతో అనేది కాదు, ఈ ఏడు ఆకులు బాగున్నాయి అనేది. నేను ఎరువు మార్చి చూశాను. ఏవేవో పొడులు పంపాను. ఆరో ఏడు పల్లకి పోయిన సాయంత్రం మాత్రం ఆమె ధైర్యం కాస్త జారింది. అంట్లు తోముతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నేనుండంగా పూస్తాదా మ్మే?"

పూస్తాదిలే అన్నాను. నాకు నమ్మకం లేదు. కాయ తెచ్చిన కొండ చలవ వేరు, మా ఊరి ఎండ వేరు అని అప్పటికే మనసులో తీర్మానించుకున్నాను. అడవిది అడవిలోనే పూస్తుందని నా లెక్క.

తర్వాతి శ్రావణంలో నాయన పోయాడు. నాట్లు చూసుకుని ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు అడిగి, అమ్మ లోటా తెచ్చేలోపల మంచం మీద ఒరిగిపోయాడు. జబ్బు లేదు, ఒకరికి చాకిరీ లేదు. అందరూ పుణ్యాత్ముడు అన్నారు. నాకు మాత్రం మండిపోయింది. ఒక్క మాట చెప్పి పోతే ఏం పోయింది ఆయన సొమ్ము? అమ్మ ఆ లోటాను చాలా రోజులు కడగలేదు.

ఏటిసూతకం వచ్చింది. ఏడాదిదాకా ఆ ఇంట్లో పండగ లేదు, వాకిట ముగ్గు లేదు, గుడి లేదు. దేవుడికి ఆ ఇంటి నుంచి ఏదీ పోకూడదు. గోడకు సున్నం లేదు. కత్తెర మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. కోసేవాళ్లు ఎవరు?

పుష్యం చివర్లో ఒక ఆదివారం ఊరికి పోయాను. మా పాప ఇంటర్ పుస్తకాలు పట్టుకుని నాతో వచ్చింది. తీగ గోడ మీద నుంచి బజార్లోకి విచ్చలవిడిగా దిగి ఉంది. కొసలన్నిటికీ ఆ గోధుమ రంగు నూగు. నాయన లేడు కదా, ఈ ఏడు నేనే కోద్దామని కత్తెర తీసుకుని స్టూలెక్కాను. మొదటి కొసను చేత్తో పట్టుకున్నాను. మెత్తగా, కుక్కపిల్ల చెవిలా ఉంది. బూజు అయితే వేలికి అంటుకుంటుంది. ఇది అంటుకోలేదు. గోటితో కొసకున్న ఒక చిన్న ఉండను చీల్చి చూశాను. నూగు లోపల ఆకుపచ్చ, దాని లోపల మడతలు మడతలుగా తెలుపు, ఆ తెలుపులో ఒక మూల పసుపు.

మొగ్గలు. గుత్తులు గుత్తులుగా మొగ్గలు. ఆరేండ్లు నాయన చేత నేను కోయించి కాల్పించింది ఇవే.

స్టూలు మీదే నిలబడిపోయాను. నా చేతిలో అన్ని మొగ్గలు, పైన ఇంకా వందలు. ఆరు సార్లు తల నరికినా ఏడోసారి అంతే ఒద్దికగా, అంతే ఓపికగా మళ్లీ పెట్టుకుంది. ఒక్క ఏడు కూడా అలగలేదు. నాకు ఏడుపు వచ్చేసింది. అమ్మ బయటికొచ్చి ఏందీ, ఎందుకు ఏడుస్తాండావ్ అంది. దిగి, మొగ్గ చూపించి, అంతా చెప్పాను. బస్సులో వచ్చిన రెబ్బ సంగతి, అర నిమిషం చూసిన సంగతి, నా నోటితోనే కోసేయమన్న సంగతి.

అమ్మ మొగ్గను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మేలే. ఆయప్ప తెలీకుండా పోయినాడు. తెలిసింటే అన్నం ముట్టేటోడు కాదు," అంది.

పల్లకి మా ఊరికి వచ్చే మూడు రోజుల ముందు తీగ పూసింది. అమ్మ ఫోన్ చేస్తే అంగడి మా ఆయనకు వదిలేసి, పాపను తీసుకుని పోయాను. బజారు మలుపులో ఆటో దిగానో లేదో వాసన తగిలింది. మల్లె కాదు, సంపంగి కాదు. మాగిన పండు వాసన కాస్త, తేనె వాసన కాస్త, కానీ ఆ రెండూ కాదు. గోడ కనబడలేదు, పూలే. తెల్లటి రెక్కలు, అంచులన్నీ ఎవరో ఓపికగా కత్తిరించి కుచ్చులు తీసినట్టు. ఐదు రెక్కల్లో ఒక్కదానికి మాత్రం పసుపు పూత. ప్రతి పువ్వుకూ అదే రెక్కకు, ఒక్క పువ్వు కూడా మరిచిపోలేదు. తేనెటీగల రొద ఇంట్లో మాటలు వినిపించనంత. నేనెరిగిన ఎరువులూ, మందులూ, పుస్తకాల్లో చదివిన మాటలూ అన్నీ ఆ గోడ ముందు చిన్నబోయాయి. చేతులు జోడించాను. ఎవరికి జోడించానో నాకు తెలియదు.

అమ్మ పూల కింద కూర్చుని ఉంది. కోరిక తీరింది, కానీ తీరలేదు. ఇంటికి సూతకం. ఆ పూలు దేవుడికి పోకూడదు.

నేను ఊరుకోలేదు. పెండ్లయిన బిడ్డను, నాకు సూతకం మూడు రోజులతో తీరిపోయింది, నేను కోసి ఇస్తాను అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. నువ్వు వేరే ఇంటిదానివే, చెట్టు ఈ ఇంటిది కదా అంది. చెట్టుకు సూతకం ఏంటని గట్టిగా వాదించాను. ఆయన పెంచిన చెట్టు, ఆయన పోయిన ఇల్లు, తప్పు చేయను అంది. అమ్మ మొండితనం మా ఊర్లో అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. వచ్చే ఏడు ఇద్దాంలే అని నేనంటే, ఆమె తల ఊపింది. వచ్చే ఏడు మాట ఆమె నమ్మలేదని నాకు తెలుసు. నాయన కూడా ఆ పొద్దు నీళ్లు అడిగినప్పుడు రేపటి నాట్ల గురించే మాట్లాడాడు.

పల్లకి రోజు సాయంత్రం బజారంతా నీళ్లు చల్లి ముగ్గులేశారు. మా వాకిలి ఒక్కటే బోసిగా ఉంది. గేటు మూసి, అమ్మ, నేను, పాప లోపల నిలబడ్డాం. బడి వైపు నుంచి మేళం వినిపించింది. అమ్మ కళ్లు పూల మీదే ఉన్నాయి. అప్పుడు గేటు అవతల నుంచి ఎదురింటి అత్త గొంతు వినబడింది.

"వదినా, గోడ దాటిన కొమ్మ బజారు సొత్తు. ఇన్నేండ్లు మీ ఆయప్పతో ఇదే కొట్లాడినా, ఒప్పుకోకుండానే పోయినాడు. ఇయ్యాల బజారు పూలు బజార్లో నిలబడి కోస్తాండా. కాదంటావా?"

గేటు సందులోంచి చూశాను. కొత్త చీర కట్టుకుని, ఇత్తడి తాంబాళం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలో కొట్లాట లేదు. నాయన పోయినప్పటి నుంచి నేను చూడని ఒక వెలుగు అమ్మ ముఖంలోకి వచ్చింది. గబగబా లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి చేతిలో ఎర్ర పిడుల కత్తెర. గేటు మీద నుంచి చేయి చాపింది.

"చేత్తో తెంపితే కొమ్మ చీలుతాది. దీంతో కొయ్యి."

అత్త అందుకోబోయి ఆగింది. ఇది సూతకం ఇంటి వస్తువు కదా వదినా, పరవాలేదా అని అడిగింది.

"ఇనుముకు యాడ సూతకం?" అంది అమ్మ.

అత్త కోసింది. ఆమెకు అందినంతా, తర్వాత పక్కింటి వాళ్ల కుర్చీ వేసుకుని అందనిదంతా. మేళం దగ్గరికొస్తోంది, బిరబిరా కొయ్యి అని బజారులో ఆడవాళ్లు తొందరపెడుతున్నారు. కత్తెర చప్పుడు గేటు ఇవతలికి వినిపిస్తూనే ఉంది. ఆరేండ్లు విన్న చప్పుడే. అమ్మ గోడకు చేయి ఆనించి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నది.

నేను వెనక దారిన బజార్లోకి పోయాను. పల్లకి మా గోడ ముందుకు వచ్చి ఆగింది. అత్త తాంబాళం పైకెత్తింది. అయ్యవారు పూలు చూసి, ఇవి ఎక్కడివి అని అడిగాడు. బజారువే సామీ అంది అత్త, తడుముకోకుండా. ఆయన ఒక గుత్తి తీసుకుని వాసన చూడకుండానే, అప్పటికే వాసన ఊరంతా ఉంది, సామి మెడ పక్కన పెట్టాడు. మిగిలినవి పాదాల దగ్గర పోశాడు. ఇన్నేండ్లు చూసిన సామే, ఇన్నేండ్లు చూసిన ముఖమే. ఆ తెల్లపూలు పక్కన చేరేసరికి పెండ్లి కొడుకు కళ వచ్చింది. బోయీలు పల్లకి ఎత్తారు. వాసన వాళ్లతో పాటే కదిలి పోయింది.

ఇంట్లోకి వచ్చాను. అమ్మ గేటు దగ్గరే ఉంది. పాదాల కాడ పెట్టినారా, మెడ కాడనా అని అడిగింది. రెండు చోట్లా అని చెప్పాను. అత్త గేటు మీద పెట్టిపోయిన కత్తెరను అమ్మ తీసుకుని, దానికి అంటిన పసరును కొంగుతో శుభ్రంగా తుడిచి, నాయన మేకుకే తగిలించింది.

"మీ నాయన ఇన్నేండ్లకు సరింగా కోసినాడు మ్మే," అంది.